నలుగురూ వాడుకునే సర్వర్‌కి ఏ ఓఎస్ వేయాలి?

పోయిన నెల చిత్తూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కాలేజీలో పాత సిస్టమ్ ఒకటి ఇచ్చినారు. మా బ్యాచ్ అంతా వాడుకునేదానికి సర్వర్ చేద్దామనుకుంటాండాము. ఉబుంటు వేసేదా, డెబియన్ వేసేదా?"

నేను అడిగింది ఒకటే. "సంక్రాంతికి నువ్వు ఊరికి పోయినప్పుడు అది ఆగిపోతే ఎవరు లేపుతారు?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "నేనేన్నా, ఇంకెవురికీ రాదు" అన్నాడు.

ఓఎస్ సంగతి రేపు మాట్లాడదాం, ముందు ఇంకో మనిషిని వెతుక్కో అని ఫోన్ పెట్టేశాను. తప్పించుకోడానికి అన్న మాట కాదది. ఉబుంటు, డెబియన్ రెండూ ఉచితంగా దొరికే లినక్స్ ఓఎస్‌లు, అంటే కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లు. ఇంటర్నెట్‌లో ఇట్లాంటి ఓఎస్‌ల పోలికలు కొల్లలుగా ఉన్నాయి. ఏది వేగం, ఏది తేలిక, దేంట్లో కొత్త ప్యాకేజీలు ఉన్నాయి అని పట్టికలు వేసి మరీ చెబుతారు. నలభై మంది పని ఒకే పెట్టె మీద ఆధారపడి ఉన్నప్పుడు ముందు చూడాల్సింది ఆ పట్టికల్లో ఉండదు.

తిరుపతి బైరాగిపట్టెడలో మేం కొందరం కలిసి నడుపుకునే సర్వర్ 2019లో మొదలైంది. యూనివర్సిటీలో ఎంసీఏ చదివే పిల్లలు, పరిశోధన చేసే ఆడపిల్లలు నలుగురు, రిటైరైన తెలుగు అయ్యవారు ఒకాయన, పల్లెల్లో జానపద పాటలు రికార్డు చేసి దాచే ఆలుమగలు, ఇట్లా అందరూ ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక ఖాతా, ఒక ఫోల్డరు, కావాలంటే సొంత వెబ్ పేజీ. మొదట అందులో సెంటోస్ 7 అనే లినక్స్ వేశాను. నాకు ఉద్యోగంలో అలవాటైంది అదే కాబట్టి.

2021 నవంబరు వానలు తిరుపతి వాళ్లెవరూ మరిచిపోరు. వీధులన్నీ ఏర్లయినాయి. నేను రేణిగుంటలో చిక్కుకుపోయాను. గదిలో ఉన్న మిత్రుడు నీళ్లు గడప దాటకముందే సర్వర్‌ని మంచం మీదికి ఎక్కించాడు. ఆ హడావుడిలో కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద రూట్ (అన్ని అధికారాలూ ఉండే ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడిపోయింది. పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పాను. అతను ఉబుంటు మీద చేయి తిరిగిన మనిషి. డిస్క్ దెబ్బతింటే ఎఫ్‌ఎస్‌సీకే అనే బాగుచేసే కమాండ్ నడపాలని అతనికి బాగా తెలుసు, నడిపాడు. ఏమీ జరగలేదు. సెంటోస్ 7 మామూలుగా డిస్క్‌ని ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే, బాగు చేయాలంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ అనే వేరే కమాండ్ ఉంది చూసుకో అని ఒక వాక్యం చూపించి ఊరుకుంటుంది. అతను ఆ వాక్యం చదివాడు. కానీ తెలియని కమాండ్‌తో అందరి ఫైళ్లూ పోతాయేమోనని చేయి వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో ఫోన్ సిగ్నల్ పోయింది. మూడు రోజుల తర్వాత నేను వచ్చి అదే కమాండ్ ఇస్తే రెండు నిమిషాల్లో లేచింది.

తప్పు అతనిది కాదు, సెంటోస్‌దీ కాదు. గదిలో ఉండేవాడికి ఏది వచ్చునో అడగకుండా నాకు వచ్చినదాన్ని వేసింది నేను. అప్పటి నుంచీ నా మొదటి కొలత ఇదే: మీ గుంపులో కనీసం ఇద్దరికి చేతికి వచ్చిన ఓఎస్ ఏది? అలాంటిది ఒకటుంటే, కింద నేను చెప్పేదంతా దాని తర్వాతే.

గది గదికీ తాళం

సొంత ల్యాప్‌టాప్‌కి వీధి తలుపు తాళం చాలు. నలుగురి సర్వర్లో నలభై మందీ ఇప్పటికే ఇంట్లో ఉన్నారు కాబట్టి గది గదికీ తాళం కావాలి. మా వాళ్లు దొంగలని కాదు. ఒక్కరి పాస్‌వర్డ్ బయటికి పొక్కితే చాలు, వచ్చినవాడు నేరుగా నట్టింట్లో ఉంటాడు.

2022 జనవరి 25న బయటపడిన ప్వన్‌కిట్ లోపం దీనికి మంచి ఉదాహరణ. పీకెఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రాంలో 2009 నుంచీ దాగి ఉన్న తప్పు అది. దాంతో సర్వర్లో మామూలు ఖాతా ఉన్న ఎవరైనా రూట్ అయిపోవచ్చు. ఒక్కరే వాడే మెషీన్‌కి అది పెద్ద విషయం కాదు. మాలాంటి వాళ్లకి అది నిద్రపట్టని రాత్రి. డెబియన్‌కీ ఉబుంటుకీ సవరణ అదే రోజు వచ్చింది. రావడం ఒక ఎత్తు, ఎవరూ చూడకపోయినా అది దానంతటదే ఎక్కడం ఇంకో ఎత్తు. డెబియన్, ఉబుంటుల్లో అనటెండెడ్ అప్‌గ్రేడ్స్, రెడ్ హ్యాట్ కుటుంబంలో (ఆ కంపెనీ లినక్స్, దాన్ని బట్టి తయారైనవి) డీఎన్ఎఫ్ ఆటోమేటిక్ ఆ పని చేస్తాయి. ఏ ఓఎస్ వేసినా మొదటి రోజే వాటిని ఆన్ చేయండి. ఓఎస్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ మారితే మాత్రం రీబూట్ కావాలి. మేం ప్రతి ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి పెట్టుకున్నాం, ఆ వేళప్పుడు సుప్రభాతం వినేవాళ్లే గానీ సర్వర్ వాడేవాళ్లు ఉండరు.

ఇంకో వైపు కూడా చూడాలి. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరం నుంచి సర్వర్లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమని తవ్వుతూ పోతే దొరికింది. అది చేరిన చోట్లన్నీ కొత్త సరుకు ముందుగా దిగే చోట్లే: డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్ లాంటివి. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్ల మద్దతు ఉండే వెర్షన్), ఆల్మా (సెంటోస్ లాంటిదే) వాడేవాళ్లకి అది చేరనేలేదు. అందుకే ఆర్చ్, ఫెడోరా ఎంత బాగున్నా నలుగురి సర్వర్‌కి నేను చెప్పను. ఫెడోరా ఒక్కో వెర్షన్‌కి 13 నెలల మద్దతే ఉంటుంది. ఏడాదికోసారి నలభై మందిని ఆపి అప్‌గ్రేడ్ చేయడానికి మనమేమీ జీతం తీసుకుని చేసేవాళ్లం కాదు కదా. విండోస్ సర్వర్‌కి లైసెన్సు మీద మళ్లీ వాడేవాళ్ల లెక్కన యాక్సెస్ లైసెన్సులు కొనాలి. చందాలతో నడిచే పనికి అది కుదరదు.

మిగిలినవి నాలుగు: డెబియన్, ఉబుంటు ఎల్‌టీఎస్, ఆల్మా లేక రాకీ, ఫ్రీబీఎస్‌డీ (ఇది లినక్స్ కాదు, యూనిక్స్ వంశపు వేరే ఓఎస్).

ఉబుంటుతో మొదలుపెడితే

వానల తర్వాత మేం ఉబుంటు 20.04కి మారాం. గదిలో ఉన్న ముగ్గురికీ అదే వచ్చు. పిల్లలకి సందేహం వస్తే వెతికిన చోటల్లా జవాబు ఉబుంటుకే దొరుకుతుంది. ప్రతి రెండేళ్లకి ఏప్రిల్‌లో ఒక ఎల్‌టీఎస్ వస్తుంది, ఐదేళ్ల మద్దతు ఉంటుంది. 24.04 వేస్తే 2029 దాకా దిగుల్లేదు. 21.04 నుంచి ఇంకో మంచి మార్పు వచ్చింది. కొత్త ఖాతా చేస్తే ఆ హోమ్ ఫోల్డరు ఇతరులకి కనబడదు. అంతకుముందు ఎవరి ఫోల్డరైనా ఎవరైనా తెరిచి చూడగలిగేవాళ్లు. పాత వెర్షన్లో చేసిన ఖాతాలని అప్‌గ్రేడ్ సరిచేయదు, మీరే ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

ఉబుంటు ప్రో తీసుకుంటే మద్దతు పదేళ్లకి పెరుగుతుంది, వ్యక్తిగత వాడకానికి ఐదు మెషీన్ల దాకా ఉచితం. కానీ ఆ టోకెన్ ఒక మనిషి ఖాతాకి ముడిపడి ఉంటుంది. ఆ మనిషికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి, ఆ మెయిల్ చూడడం మానేస్తే? మన ఊళ్లలో ఇది ఊహ కాదు, ఏటా జరిగేదే. ఏ సేవ అయినా ఒక్కరి ఫోన్ నంబరుకో మెయిల్‌కో ముడిపడితే దాన్ని నేను అరువు కిందే లెక్కేస్తాను.

డెబియన్ మీద నా నమ్మకం ఎందుకంటే

2020 డిసెంబరులో, సెంటోస్‌కి అండగా ఉన్న రెడ్ హ్యాట్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8 మద్దతు 2021 చివరితో ముగిసిపోతుందని. ప్రపంచమంతా దాని మీద సర్వర్లు నడుపుతున్నవాళ్లకి ఏడాది గడువు మిగిలింది. సెంటోస్ 7 మాత్రం 2024 జూన్ 30 దాకా నడిచింది. కంపెనీ తన వ్యాపారం చూసుకుంటుంది, అది దాని హక్కు. మనం చూసుకోవాల్సింది మనకి మాట ఇచ్చింది ఎవరు, ఆ మాట మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నది.

డెబియన్‌కి యజమాని లేడు. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టాడు. ఇప్పుడు స్వచ్ఛందంగా పనిచేసే డెవలపర్లు ఏటా ఓటు వేసి నాయకుణ్ణి ఎన్నుకుంటారు. 1997 నుంచీ ఒక సామాజిక ఒప్పందం రాసుకుని దాని ప్రకారం నడుస్తున్నారు. చందాలు వేసుకుని నడిచే మా సర్వర్‌కి ఆ పద్ధతి ఎంతో సొంతంగా అనిపించింది, నేను దాచుకోను. 2023లో డెబియన్ 12 రాగానే మారాం, ఇప్పుడు 13 మీద ఉన్నాం. 12 నుంచి 13కి ఫార్మాట్ చేయకుండా, ఉన్నచోటే ఒక మధ్యాహ్నంలో ఎక్కింది. రెడ్ హ్యాట్ కుటుంబంలో పెద్ద వెర్షన్ మార్చడం అంత తేలిక కాదు. లీప్, ఎలివేట్ లాంటి పనిముట్లు ఉన్నాయి గానీ, చాలామంది కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలంటారు.

లోటు కూడా చెప్పాలి. డెబియన్ సెక్యూరిటీ బృందం పూర్తిగా చూసేది మూడేళ్లే. తర్వాత రెండేళ్లు ఎల్‌టీఎస్ అని వేరే బృందం చూస్తుంది, అందులో అన్ని ప్యాకేజీలకీ మద్దతు ఉండదు. కాబట్టి మూడేళ్లకోసారి అప్‌గ్రేడ్ అని క్యాలెండర్లో రాసిపెట్టుకోగలిగిన వాళ్లకే డెబియన్. ఒకసారి వేసి ఎనిమిదేళ్లు మరిచిపోదామనుకునేవాళ్లకి కాదు.

ఆల్మా, రాకీ

సెంటోస్ ఖాళీ చేసిన చోట 2021లో ఈ రెండూ వచ్చాయి. రాకీని మొదలుపెట్టింది సెంటోస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్. ఆల్మా లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతిలో ఉంది. ఒక్కో వెర్షన్‌కి పదేళ్లు. ఆల్మా 9 అయితే 2032 దాకా. పిల్లలు రేపు ఉద్యోగాల్లో చూసేది చాలావరకు ఈ కుటుంబాన్నే, ఇక్కడే నేర్చుకుంటే ఉపయోగం.

ఈ కుటుంబంలో ముందే ఆన్ అయి వచ్చే ఎస్ఈలినక్స్ అనే అదనపు కాపలా గురించి ముందే తెలిసి ఉండాలి. ఒక అమ్మాయి తన వెబ్ పేజీ పెట్టుకుంటుంది, ఫోల్డరు అనుమతులన్నీ సరిగానే ఉంటాయి, అయినా బ్రౌజర్లో 403 (అనుమతి లేదు) అని వస్తుంది. ఎందుకంటే హోమ్ ఫోల్డర్లలోకి వెబ్ సర్వర్ తొంగిచూడకూడదని ఎస్ఈలినక్స్ ఆపుతోంది. హెచ్‌టీటీపీడీ ఎనేబుల్ హోమ్‌డిర్స్ అనే ఒక్క స్విచ్ ఆన్ చేస్తే పోతుంది. చాలామంది ఆ స్విచ్ వెతకకుండా మొత్తం ఎస్ఈలినక్స్‌నే ఆపేస్తారు. నలుగురి సర్వర్లో ఆ పని దయచేసి చేయకండి. గది గదికీ తాళం అన్నానే, అందులో మంచి తాళం అదే.

పాత మెషీన్లు దొరికేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. మనకి కాలేజీలూ ఆఫీసులూ ఇచ్చేవి తరచుగా రెండో తరం, మూడో తరం ఐ5లు. రెడ్ హ్యాట్ 10, రాకీ 10 నడవాలంటే ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే సౌకర్యం ఉండాలి. ఇంటెల్లో అది 2013లో వచ్చిన నాలుగో తరంతో మొదలైంది. మూడో తరం ఐ5 మీద రాకీ 10 లేవదు. ఆల్మా 10కి మాత్రం పాత ప్రాసెసర్ల కోసం వేరే బిల్డ్ ఇస్తున్నారు. 9 అయితే ఏ చిక్కూ లేదు. ఇంకా వెనకటి 32 బిట్ మెషీన్ అయితే డెబియన్ 12తోనే సరి, 13లో దానికి ఇన్‌స్టాలర్ తీసేశారు. నిజానికి అట్లాంటి మెషీన్‌కి కట్టే కరెంటు బిల్లు చూస్తే దాన్ని వదిలేయడమే నయం.

ఫ్రీబీఎస్‌డీ, పాటలు తిరిగొచ్చిన రోజు

బ్యాకప్‌కని పెట్టుకున్న రెండో పెట్టెలో ఫ్రీబీఎస్‌డీ ఉంది. అందులో జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్క్ పద్ధతి ఉంటుంది. పాటలు దాచే ఆలుమగలు తమ ఫైళ్లని నేరుగా ఆ పెట్టెలోనే పెట్టుకుంటారు. ఒకరోజు ఆమె ఫోన్ చేసింది. ఫోల్డరు పేరు మార్చబోయి, కుప్పం వైపు పల్లెల్లో మూడేళ్లుగా రికార్డు చేసిన పాటలన్నీ తుడిచేసిందట. గొంతు వణుకుతోంది. అందులో ఇద్దరు పాడినవాళ్లు ఇప్పుడు లేరు. జెడ్‌ఎఫ్‌ఎస్ మీద మేం గంటకోసారి స్నాప్‌షాట్ తీస్తాం. కంటికి కనిపించని జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫోల్డర్లోకి వెళ్తే ఒక్కో గంటకి ఒక్కో నకలు వరుసగా ఉంటాయి. పదకొండు గంటల నకల్లో పాటలన్నీ ఉన్నాయి. కాపీ చేసి ఒకటి ప్లే చేసి వినిపించాను. ఆమె పాట అయిపోయేదాకా ఫోన్ పెట్టలేదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ లినక్స్‌లోనూ ఉంది. ఉబుంటు కెర్నెల్‌తో పాటే సిద్ధంగా ఇస్తుంది. డెబియన్లో కాంట్రిబ్ అనే అదనపు ప్యాకేజీల విభాగం నుంచి వేసుకుంటే కెర్నెల్ మారినప్పుడల్లా అది మళ్లీ కంపైల్ కావాలి. ఫ్రీబీఎస్‌డీలో మాత్రం అది ఇంటి బిడ్డ. అప్‌గ్రేడ్ చెడితే బూట్ ఎన్విరాన్‌మెంట్‌తో నిన్నటి సిస్టమ్‌కి వెనక్కి పోవచ్చు. ఒకరి ప్రాసెస్‌లు ఇంకొకరికి కనబడకుండా చేసే ఆప్షన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అడుగుతుంది. 2000లో వచ్చిన జైల్స్ (ఒకే మెషీన్‌లో కట్టే వేర్వేరు గదులు) అసలు పుట్టిందే ఒకే మెషీన్‌ని చాలామంది ఖాతాదారులకి పంచాల్సిన హోస్టింగ్ అవసరం కోసం. నలుగురి సర్వర్లలో పెద్దదిక్కులాంటి ఎస్‌డీఎఫ్ 1987లో మొదలై, దీని చుట్టం నెట్‌బీఎస్‌డీ మీద నేటికీ నడుస్తోంది.

అయితే మెయిన్ సర్వర్‌కి నేనెందుకు వేయలేదంటే, తిరుపతిలో అది వచ్చినవాళ్లు నాకు తెలిసి నేనూ ఇంకో మిత్రుడూ మాత్రమే. పైగా పిల్లలు డాకర్ (ప్రోగ్రాంలని డబ్బాల్లో పెట్టి నడిపే పనిముట్టు) అడుగుతారు, అది ఇక్కడ మామూలుగా నడవదు.

తెలుగు సంగతి

అయ్యవారు మాండలిక పదకోశం కడుతున్నారు. మొదటి రోజు టెర్మినల్లో (కమాండ్లు టైపు చేసే తెర) తన ఫైలు తెరిచి, "ఏం నాయనా, వత్తులన్నీ విడిపొయ్యి ఉండాయే" అన్నారు. ఓఎస్ ఏదైనా చాలా టెర్మినళ్లలో తెలుగు ఇట్లాగే ఉంటుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న లెక్కతో కట్టినవి అవి, మన వత్తులూ గుణింతాలూ ఆ గడుల్లో ఒదగవు. ఫైల్లో అక్షరం చెడదు, కనబడడమే చెడుతుంది. ఆయనకి బ్రౌజర్లో తెరుచుకునే ఎడిటర్ పెట్టించాం, తీరిపోయింది.

అకారాది క్రమం ఇంకో చిక్కు. యూనికోడ్ అంకెల వరుసలో ర పక్కనే ఱ, ల పక్కనే ళ ఉంటాయి. మన అక్షరమాలలో ళ, ఱ చివరికి వస్తాయి. సర్వర్ చేసే సార్టింగ్‌ని నమ్మి అచ్చుకి ఇస్తే అయ్యవారు ఒప్పుకోరు. దానికి చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాం. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ తేలిగ్గా ఉంటుందని ఎవరైనా చెబితే ఒకటి గుర్తుంచుకోండి: అందులోని మజిల్ లైబ్రరీకి భాషల వారీ వరుస క్రమం అసలు తెలియదు.

వేసిన రాత్రే చేయాల్సింది

ఒకసారి ఒక కుర్రాడి స్క్రిప్ట్ తనని తానే పిలుచుకుంటూ పోయి మెమరీ అంతా తినేసింది. మర్నాడు థీసిస్ ఇవ్వాల్సిన అమ్మాయి ఆ రాత్రంతా లాగిన్ కాలేకపోయింది. కుర్రాడు నేర్చుకుంటున్నాడు, తప్పు చేస్తాడు. హద్దు పెట్టాల్సింది నేను. సిస్టమ్‌డీ (సేవలనీ లాగిన్లనీ నడిపించే ప్రోగ్రాం) ఉన్న మూడు లినక్స్‌లలోనూ యూజర్ స్లైస్‌కి ఒక చిన్న ఫైలు పెడితే మనిషికి ఇంత మెమరీ, ఇన్ని ప్రాసెస్‌లు అని కట్టడి అవుతుంది. మాది 16 జీబీ, మనిషికి 2 జీబీ ఇచ్చాం. ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సీటీఎల్ ఆ పని చేస్తుంది, బూట్ సెట్టింగుల్లో ముందు దాన్ని ఆన్ చేసుకోవాలి. డిస్క్ కోటా (డిస్క్‌లో మనిషికి ఇంత చోటు అనే హద్దు) ఇంకో పది నిమిషాల పని. ఈ రెండూ లేకుండా ఎవరికీ ఖాతా ఇవ్వకండి.

చిత్తూరు తమ్ముడు వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. వాళ్ల బ్యాచ్‌లో పలమనేరు అమ్మాయి ఒకరు రెడ్ హ్యాట్ కోర్సు చేసిందట, ఇంకో ఇద్దరు ఆమె దగ్గర నేర్చుకుంటున్నారట. మెషీన్ మూడో తరం ఐ5, మెమరీ 8 జీబీ. "డెబియనే కదన్నా వేసేది?" అన్నాడు. వద్దన్నాను. "ఆల్మా 9 వెయ్యి. ఇన్‌స్టాల్ ఆ పాపనే చెయ్యమను, నువ్వు పక్కన కూర్చుని నేర్చుకో. రూట్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవర్లో పెట్టి మీ హెచ్‌ఓడీ బీరువాలో దాచండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ ఎట్లా నడపాలో కూడా ఆ కాగితం మీదనే రాయండి."